కొట్టేసిన చట్టాలు ఇంకా ఎందుకు బతికున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

రాజ్యాంగ దినోత్సవం నాడు మీరు రాసిన సంపాదకీయం చదివాను. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాలను న్యాయస్థానాలు ఎప్పటికప్పుడు ఏరిపారేస్తున్నాయి కాబట్టి పౌరుడు నిశ్చింతగా ఉండొచ్చన్న ధోరణిలో సాగింది అది. నేను మెజిస్ట్రేట్ కోర్టుల్లో గుమాస్తాగా చేరి, బెంచి క్లర్కుగా చాలాకాలం పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఏరిపారేస్తున్న మాట నిజమే. పారేసింది ఎక్కడ పడిందో, దాన్ని ఎవరు తీసుకొచ్చి మళ్లీ వాడుతున్నారో మాత్రం ఎవరూ చూడటం లేదు. ఉత్తరం కాస్త పొడవైంది. చోటు చాలకపోతే సిద్ధాంతాల గురించి రాసిన పేరాలు కత్తిరించండి, అభ్యంతరం లేదు. పంచాయతీల సంగతి మాత్రం ఉంచండి.

ఐటీ చట్టంలోని 66ఎ సెక్షను పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2008 సవరణతో పుట్టి, 2009 అక్టోబర్ 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఎదుటివాళ్లకు చిరాకు తెప్పించేది పంపిస్తే మూడేళ్ల దాకా జైలు. ఎవరికి చిరాకు, ఎంత చిరాకు అన్నదానికి కొలతా లేదు, తూకమూ లేదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ పోస్టు గురించి ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేశాక, శ్రేయా సింఘాల్ అనే లా విద్యార్థిని సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేశారు. అంటే ఆ రోజు నుంచి ఈ దేశంలో ఆ పేరుతో నేరమే లేదు.

ఆ తీర్పు వచ్చిన రెండేళ్లకు మా కోర్టుకు ఒక చార్జిషీటు వచ్చింది. ముద్దాయి డిగ్రీ చదివే కుర్రాడు. ఊళ్లో రోడ్డు పనుల మీద వాట్సాప్ గ్రూపులో వెటకారంగా నాలుగు లైన్లు రాశాడు. సెక్షన్ల గడిలో మొదటిది 66ఎ, రెండోది ఐపీసీ 506, అంటే బెదిరింపు. కోర్టు కానిస్టేబుల్ కట్ట నా బల్ల మీద పెట్టగానే నేను మామూలుగా చూసేవి చూశాను. తేదీలు, సంతకాలు, సాక్షుల జాబితా, ప్రతి సాక్షికీ వాంగ్మూలం ఉందా లేదా. 66ఎ దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి, ఈ సెక్షను లేదు అని ఆబ్జెక్షన్ స్లిప్పు రాసి కట్ట రిటర్న్ చేశాను. మర్నాడే కట్ట తిరిగొచ్చింది, దాంతోపాటు ఒక బేర్ యాక్టు పుస్తకం, అంటే చట్టం మూలపాఠం అచ్చువేసిన పుస్తకం కూడా. "సెక్షను పుస్తకంలో ఉంది కదండీ" అన్నాడు కానిస్టేబుల్, పేజీ తెరిచి వేలు పెట్టి చూపిస్తూ. నిజమే, ఉంది. నంబరు, శీర్షిక, మూడు క్లాజులు, వివరణ అన్నీ నిండుగా ఉన్నాయి. నేను అతని వేలు పట్టుకుని పేజీ అడుగుకు జరిపాను. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ఫుట్‌నోటు. సెక్షను కొట్టేసిన సంగతి అందులో ఉంది. అతను అది చదివి, "దీన్ని ఎవరు చూస్తారండీ" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మా మెజిస్ట్రేటుగారు 66ఎ వరకు తిరస్కరించి, 506 కింద కేసును ఫైల్లోకి తీసుకున్నారు. అది చివరికి నిలబడలేదు. ఆలోగా ఆ అబ్బాయి వాయిదాకల్లా వచ్చి వరండాలో నిలబడేవాడు. అసలు మొదటి సెక్షనే లేకపోతే ఆ కేసు పుట్టేదే కాదని నా నమ్మకం. 506ను దానికి తోకగా తగిలించారంతే.

ఇది మా ఒక్క కోర్టు గొడవ అయితే మీకు రాసేవాణ్ణి కాదు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2019 ఫిబ్రవరిలో ధర్మాసనం ఆ తీర్పు ప్రతులను హైకోర్టుల ద్వారా అన్ని జిల్లా కోర్టులకూ, చీఫ్ సెక్రటరీల ద్వారా పోలీసులకూ చేర్చాలని ఆదేశించింది. 2021 నాటికీ 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో ఈ సెక్షను కింద 745 కేసులు నడుస్తున్నాయని పీయూసీఎల్ మరోసారి కోర్టు ముందు పెట్టింది. తీర్పు రాసిన జస్టిస్ నారిమనే అప్పుడూ బెంచి మీద ఉన్నారు. దిగ్భ్రాంతికరమన్నారు. అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ చెప్పిన కారణం, మా కోర్టు కానిస్టేబుల్ చెప్పిన కారణం ఒక్కటే: పుస్తకంలో సెక్షను అలాగే ఉంది, రద్దయిన ముక్క ఫుట్‌నోటులో ఉంది, పోలీసు అధికారి ఫుట్‌నోటు చూడడు. తర్వాత కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. పోలీసు శాఖ రాష్ట్రాల చేతిలో ఉందని కూడా కేంద్రం కోర్టుకు చెప్పుకుంది. 2022 అక్టోబర్ 12న అప్పటి ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ ధర్మాసనం, ఈ సెక్షను కింద ఎవరినీ విచారించకూడదని ఇంకోసారి ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క సెక్షన్‌ను చంపడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం ఏడేళ్లపాటు మళ్లీ మళ్లీ పూనుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఇంత పెద్ద దేశంలో కబురు చేరడానికి టైం పట్టదా అని సర్దిచెప్పేవాళ్లున్నారు. 2016 నవంబర్ 8 రాత్రి పాత 500, 1000 నోట్లు రద్దయితే, తెల్లారేసరికి ఆ కబురు తెలియని మనిషి ఉన్నాడా? నోటు విషయంలో తీసుకునేవాడికి నష్టం ఉంది, బ్యాంకు కౌంటరులో కాదనేవాడున్నాడు. రద్దయిన సెక్షను కింద కేసు పెట్టిన అధికారికి పోయేదేమీ లేదు. దూరం వల్లో భాష వల్లో కబురు ఆగిందంటే నేను ఒప్పుకోను.

ఇక ఆ ఫుట్‌నోటు జబ్బు ఐటీ చట్టం ఒక్కదానిదే కాదు, రాజ్యాంగ పుస్తకానికే ఉంది. స్థానికులకు ఉద్యోగాల్లో, చదువుల్లో అవకాశాల గురించి చెప్పే, తెలుగువాళ్లకు బాగా దగ్గరైన 371డి అధికరణ తీసుకోండి. 1973లో 32వ సవరణతో వచ్చింది. అందులో 5వ క్లాజు, ఉద్యోగుల తగాదాల్లో ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం మార్చొచ్చు, ఏకంగా రద్దే చెయ్యొచ్చు అంది. ఆ తగాదాల్లో ప్రతివాది ఎవరయ్యా అంటే రాష్ట్ర ప్రభుత్వమే. ఓడిపోయిన ప్రతివాదికి తీర్పు దిద్దుకునే అధికారం! పి. సాంబమూర్తి కేసులో 1986లో సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టేసింది. ఇప్పుడు ఆ ట్రిబ్యునలే లేదు. అయినా రాజ్యాంగం ఏ ప్రతి తెరిచినా 5వ క్లాజు మిగతా క్లాజులతో సమానమైన అక్షరాల్లో దర్జాగా కనిపిస్తుంది. 1980లో మినర్వా మిల్స్ తీర్పులో పోయిన 368 అధికరణ (రాజ్యాంగ సవరణలది) 4, 5 క్లాజులు, 1992లో పోయిన పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపులది) 7వ పేరా, 2015లో జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌తోపాటు పోయిన 124ఎ, బి, సి, అన్నీ అలాగే ఉన్నాయి. ఐపీసీలో 303 సెక్షన్ అని ఒకటి ఉండేది. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప వేరే శిక్ష లేదనేది. 1983లో మిఠు కేసులో కొట్టేశారు. 2024 జులై 1న ఐపీసీ మొత్తంగా వెళ్లిపోయేదాకా 41 ఏళ్లు అది పుస్తకంలో కూర్చునే ఉంది. మనిషి ప్రాణం తీసే సెక్షను సార్ అది!

చట్టం పుట్టాలంటే గెజిట్‌లో పడాలి. గెజిట్‌లో పడనిదే ఏ తేదీ నుంచి అమల్లో ఉందో చెప్పలేం. చట్టాన్ని కోర్టు కొట్టేస్తే మాత్రం గెజిట్‌కు ఎక్కించాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. జననాలు రాసుకుని మరణాలు రాసుకోని రిజిస్టరు ఎలా ఉంటుందో మన శాసనాల పుస్తకం అలా ఉంది. రాజ్యాంగం 13వ అధికరణ, ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదంటుంది. 141, సుప్రీంకోర్టు చెప్పింది అన్ని కోర్టులూ పాటించాలంటుంది. 144, అధికారులంతా సుప్రీంకోర్టుకు సహాయంగా నడుచుకోవాలంటుంది. అధికారులంతా అంటే ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు అర్థం తెలుసు. ఎవరూ కాదని.

ఆస్ట్రియాలో ఇలా లేదు. 1920 నాటి వాళ్ల రాజ్యాంగ రచనలో ప్రధాన పాత్ర హాన్స్ కెల్సెన్ అనే న్యాయ పండితుడిది. చట్టాలను రాజ్యాంగంతో సరిచూసి రద్దు చెయ్యడానికి విడిగా ఒక కోర్టు పెట్టించిన ఘనత ఆయనదే. అక్కడి రాజ్యాంగంలో 140వ అధికరణ ఏమంటుందంటే, రాజ్యాంగ న్యాయస్థానం ఒక చట్టాన్ని రద్దు చేస్తే, ఆ రద్దును ఆలస్యం లేకుండా ప్రచురించాల్సిన బాధ్యత ఫెడరల్ చాన్సలర్‌ది, రాష్ట్ర చట్టమైతే అక్కడి గవర్నర్‌ది. కోర్టు వేరే గడువు పెడితే తప్ప, ప్రచురించిన రోజు ముగియగానే రద్దు అమల్లోకి వస్తుంది. జర్మనీలోనూ చట్టాన్ని కొట్టేసిన తీర్పులోని ఆదేశ భాగాన్ని న్యాయశాఖ వాళ్ల గెజిట్‌లో ప్రచురించి తీరాలి. మన రాజ్యాంగం చాలా దేశాల నుంచి చాలా తీసుకుంది. ఈ చిన్న పని మాత్రం తీసుకోలేదు.

కెల్సెన్ పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట. రిటైరయ్యాక లా పుస్తకాలు తీరిగ్గా చదువుకునే భాగ్యం దక్కింది. ఆయన చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ: ఒక నియమం చెల్లుతుందా లేదా అన్నది దాని పైనున్న నియమాన్ని బట్టి తేలుతుంది. జీవో చట్టానికి లోబడాలి, చట్టం రాజ్యాంగానికి లోబడాలి. జనం దాన్ని పాటిస్తున్నారా లేదా అన్నది వేరే ప్రశ్న. అయితే మొత్తం వ్యవస్థనే ఎవరూ పాటించని రోజు వస్తే, అందులోని ఏ నియమమూ చెల్లదు. ఈ చివరి మాటతో పొరుగు దేశంలో పెద్ద అనర్థమే జరిగింది. 1958 అక్టోబర్‌లో పాకిస్తాన్‌లో రాజ్యాంగాన్ని పక్కన పడేసి సైనిక పాలన పెడితే, దోసో కేసులో ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ మునీర్ కెల్సెన్‌ను ఉటంకించి, తిరుగుబాటు ఫలించింది కాబట్టి అదే చట్టబద్ధం అనేశారు. ఆ తీర్పు తప్పని అదే సుప్రీంకోర్టు 1972లో అస్మా జిలానీ కేసులో తేల్చేసరికి, ఇద్దరు సైనికాధిపతుల పాలన గడిచిపోయింది. అమల్లో ఉంది కాబట్టి చెల్లుతుంది అనడం మొదలుపెడితే అది ఎక్కడికి పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అప్పటి మన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు ఇదే చిక్కును ఎంత జాగ్రత్తగా విప్పారో చూడండి. 1967 ఫిబ్రవరి 27, గోలక్‌నాథ్ తీర్పు. ప్రాథమిక హక్కులను తగ్గించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఉందని అయిదుగురు ఒకవైపు. లేదంటే, 1951 నుంచి భూసంస్కరణల కోసం చేసిన సవరణలన్నీ చెల్లకుండా పోవాలి. అప్పటికే లక్షల ఎకరాలు చేతులు మారాయి, ఆ భూముల మీద కుటుంబాలు బతుకుతున్నాయి. ఆయన దానికి దారి కనిపెట్టారు. ఇకముందు అధికారం లేదు, జరిగిపోయినవాటి జోలికి వెళ్లం అన్నారు. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టింది కానీ, ఆ తీర్పులో సుబ్బారావుగారు వాడిన పద్ధతిని కోర్టులు ఇవాళ్టికీ వాడుకుంటున్నాయి. మునీర్‌కీ ఈయనకీ తేడా ఏమిటంటే, ఈయన క్షేత్రంలో ఉన్న పరిస్థితిని లెక్కలోకి తీసుకున్నారు గాని దానికి దాసోహం అనలేదు.

ఇప్పటిదాకా చెప్పింది చెల్లని చట్టం నడవడం గురించి. పూర్తిగా చెల్లే నియమం అసలు మొదలే కాకపోవడం ఇంకో వింత. ఎమర్జెన్సీ చేదు అనుభవం తర్వాత 1978లో పార్లమెంటు 44వ సవరణ చేసింది. అందులో 3వ సెక్షను, ముందస్తు నిర్బంధం, అంటే విచారణ లేకుండానే మనిషిని లోపల వెయ్యడం గురించిన 22వ అధికరణను మార్చింది. ఆ నిర్బంధం సబబేనా అని చూసే సలహా మండలి అభిప్రాయం లేకుండా మనిషిని లోపల ఉంచే గరిష్ఠ గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించింది. ఆ మండలి అధ్యక్షుడు పదవిలో ఉన్న హైకోర్టు న్యాయమూర్తే కావాలంది. రెండు సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించాయి, 1979 ఏప్రిల్‌లో రాష్ట్రపతి సంతకం అయింది. ఏ తేదీ నుంచి అమలు అన్నది నోటిఫై చేసే పని కేంద్ర ప్రభుత్వానికి వదిలారు. మిగతా సెక్షన్లకు తేదీలు వచ్చాయి. దీనికి మాత్రం ఈ రోజుకీ రాలేదు. ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టును అడిగితే, నోటిఫై చెయ్యమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమంది. ఆ తర్వాత ఎన్ని పార్టీల ప్రభుత్వాలు వచ్చి పోయాయో మీకే తెలుసు. ఏ ఒక్కటీ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. రాజ్యాంగం పుస్తకంలో మూడు నెలల పాత మాట పైన ఉంటుంది. పార్లమెంటు ఆమోదించిన రెండు నెలల మాట వెనక అనుబంధంలో ఉంటుంది. కోర్టు చంపింది పైనే ఉంటుంది, పార్లమెంటు పుట్టించింది వెనక ఉంటుంది. ఎలా ఉందంటారు?

ఇక పంచాయతీలు. నేను ముఖ్యంగా రాయదలచుకున్నది ఇదే.

73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. దాని 243ఇ అధికరణలో మెలికలేం లేవు. పంచాయతీ కాలం అయిదేళ్లు, అంతకు మించి ఉండదు. ఆ అయిదేళ్లు ముగిసేలోపే తర్వాతి ఎన్నిక పూర్తయిపోవాలి. ఏ కోర్టూ దాన్ని కొట్టేయలేదు, ఏ నోటిఫికేషనూ ఆగిపోలేదు. మునిసిపాలిటీలకు సంబంధించిన ఇలాంటి అధికరణ గురించి 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గడువులోగా ఎన్నికలు జరపాల్సిందేనని గట్టిగానే చెప్పింది. మరి జరిగిందేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీల కాలం 2018 ఆగస్టులో ముగిసింది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో ప్రభుత్వమే మారింది, పద్ధతి మారలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోతే, ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. ఆంధ్రలో ఒక ఏడాది కరోనా ఉందన్నమాట ఒప్పుకుంటాను. మిగతా కాలానికి ఏ రోగం వచ్చింది?

మా మేనల్లుడు మండల స్థాయి అధికారి. ఆ కాలంలో నాలుగైదు పంచాయతీలకు ప్రత్యేకాధికారిగా ఉన్నాడు. వాడి అసలు ఉద్యోగం వాడికి ఉండనే ఉంది. వారంలో ఏదో ఒక పూట ఒక్కో ఊరికి వెళ్లేవాడు. బోరు మోటారు కాలిపోతే, వీధి దీపం పోతే, పారిశుద్ధ్య కార్మికుడికి జీతం ఆగితే, సర్పంచ్ ఉంటే వాళ్లింటి ముందుకెళ్లి నిలదీస్తారు. వీణ్ణి ఎక్కడ పట్టుకుంటారు? ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటాడు, నిజంగా మీటింగులోనే ఉంటాడు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. ఆ షరతు వెనక ఉద్దేశం మంచిదే, రాష్ట్రాలు భయపడి ఎన్నికలు పెడతాయని. కానీ చూడండి, ఎన్నికలు పెట్టని తప్పు రాష్ట్ర ప్రభుత్వానిది, కాలవ తియ్యకుండా దోమలు పెరిగేది ఊళ్లో. తప్పు చేసినవాడొకడు, శిక్ష పడేది ఇంకొకడికి. 243ఇని ఉల్లంఘించినందుకు ఏ మంత్రికీ, ఏ కార్యదర్శికీ ఏమీ కాలేదు. ఏమీ కాదని ముందే తెలుసు. అందుకే ఉల్లంఘిస్తారు.

నియమం రాసేటప్పుడు దాన్ని పాటించకపోతే ఎవరు జవాబు చెప్పాలో రాయకపోతే, అది ఎంత పెద్ద గ్రంథంలో ఉన్నా ఉపయోగం తక్కువ. ఇది నా సొంత పాండిత్యం కాదు. శిక్ష వెయ్యాల్సిన అధికారిని ఉద్దేశించిందే అసలు నియమం అని కెల్సెనే అన్నాడు. నేను దాన్ని కళ్లారా చూశాను కూడా. 2014 జులై 2న అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో ఎడాపెడా అరెస్టులు వద్దంది. ఆ తీర్పు ప్రతులనూ అందరికీ పంపించారు. కానీ అక్కడితో ఆగలేదు. కారణాలు రాయకుండా అరెస్టు చేసిన పోలీసు అధికారి మీద శాఖాపరమైన చర్య, కోర్టు ధిక్కారం. కారణాలు చూడకుండా రిమాండుకు పంపిన మెజిస్ట్రేటు మీద హైకోర్టు చర్య. ఆ రెండు ముక్కలు చేసిన పని అంతా ఇంతా కాదు. అప్పటిదాకా రిమాండు రిపోర్టంటే అచ్చుగుద్దినట్టు ఒకే రకం వాక్యాలు. తర్వాత వెనకాల చెక్‌లిస్టు కాగితం జతపడటం మొదలైంది. అది లేకపోతే మా మెజిస్ట్రేటుగారు కట్ట ముట్టుకునేవారు కాదు. రాత్రిపూట ఇంటి దగ్గర రిమాండుకు తెచ్చినా ముందు ఆ కాగితం అడిగేవారు. "41ఎ నోటీసు (అరెస్టు బదులు హాజరు కమ్మని ఇచ్చేది) ఇచ్చారా" అన్న మాట పల్లెటూళ్లలో కూడా నలిగింది. అంతా చక్కబడిందని నేననను. 2022లో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో కోర్టు మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది. అయినా 66ఎ తీర్పుకూ దీనికీ పోలిక లేదు. రెండూ సుప్రీంకోర్టువే, మధ్యలో ఏడాది కూడా తేడా లేదు. ఒకదానిలో ఎవరిని పట్టుకోవాలో ఉంది, ఇంకోదానిలో లేదు.

ఫిరాయింపుల చట్టం గతీ ఇదే కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. పదో షెడ్యూలు 1985 నుంచి ఉంది. పార్టీ మారినవాళ్ల మీద వచ్చిన ఫిర్యాదును స్పీకర్ ఎన్నాళ్లలో తేల్చాలో అందులో లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ ఖాళీ ఎంత బాగా ఉపయోగపడిందో మీ పత్రిక పాత సంచికలే చెబుతాయి. 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చిందంటే, షెడ్యూలు రాసినవాళ్లు వదిలేసిన ఒక్క గీత ఖరీదు అది.

కావలసింది పెద్ద రాజ్యాంగ సవరణేమీ కాదు. చట్టాన్నో, అందులో భాగాన్నో సుప్రీంకోర్టు గాని హైకోర్టు గాని కొట్టేస్తే, ఫలానా శాఖ కార్యదర్శి ఇన్ని రోజుల్లో దాన్ని గెజిట్‌లో ప్రచురించాలి అని రెండు సెక్షన్ల చిన్న చట్టం చాలు. ప్రచురించకపోతే ఆయన సర్వీసు రిజిస్టరులో ఎక్కాలి. అధికారిక ప్రతుల్లో కొట్టేసిన భాగం మీద అడ్డగీత పడాలి, ఫుట్‌నోటుకు నెట్టాల్సింది కొట్టేసినదాన్ని గాని కొట్టేసిన వార్తను కాదు. ఎఫ్‌ఐఆర్‌లన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే నమోదవుతున్నాయి. సెక్షన్ల జాబితాలో రద్దయినవాటిని మూసేస్తే, కానిస్టేబుల్ కావాలన్నా ఎక్కించలేడు. కోర్టుల్లో చార్జిషీటు పరిశీలించే గుమాస్తాలకు ఇచ్చే ప్రొఫార్మాలో "సెక్షను అమల్లో ఉందా" అని ఒక్క వరస పెంచితే మిగిలినవి అక్కడ ఆగుతాయి. ఎన్నికల విషయంలో మాత్రం, గడువు దాటాక ప్రత్యేకాధికారుల జీవో మీద సంతకం పెట్టిన ప్రతి నెలకూ కారణం రాసి శాసనసభ ముందు పెట్టేలా పంచాయతీరాజ్ చట్టాల్లో చేర్చాలి. దానివల్ల ఎన్నికలు వెంటనే జరిగిపోతాయన్న భ్రమ నాకు లేదు. కనీసం ఎవరు సంతకం పెట్టారో జనానికి తెలుస్తుంది.

మీ వంతు ఒకటుంది. జిల్లా పేజీల్లో "ఫలానా సెక్షన్ల కింద కేసు నమోదు" అని స్టేషన్ ఇచ్చిన నోట్ ఇచ్చినట్టే అచ్చవుతోంది. 66ఎ తీర్పు తర్వాత కూడా అలాంటి వార్తలు పత్రికల్లో నేను చదివాను. ఇకమీదట విలేకరి ఆ నోట్ పంపేముందు, ఆ సెక్షను బతికుందా అని స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ను ఒక్కమాట అడిగి, ఆయనేమన్నాడో అది కూడా రాయమనండి.

భవదీయుడు,
విశ్రాంత కోర్టు సూపరింటెండెంటు
(పేరు, చిరునామా ప్రచురణకు కాదు)